ఆ చక్రం తిప్పింది నేనే: నాన్నకి నరం ద్వారా తిండి పెట్టిన 19 రోజులు, నా అనుభవం

ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్నీ కాదు నర్సునీ కాదు, అకౌంట్స్ చూసుకునే మనిషిని. నాన్నకి పేగు ఆపరేషన్ అయ్యాక కుట్టు దగ్గర లీకైతే 19 రోజులు నరం ద్వారా తిండి పెట్టారు, మొదటి రెండు వారాలైతే నోట్లోకి చుక్క కూడా పోలేదు, ఆ 19 రోజులూ మంచం పక్కన స్టూల్ మీద కూర్చుంది నేనే కాబట్టి చూసింది చూసినట్టు రాస్తున్నా. ఇందులో నేను చేసిన వెధవ పని ఒకటుంది, దాంతోనే మొదలెడతా, ఎందుకంటే మిగతాదంతా నేను నేర్చుకుంది ఆ సిగ్గుతోనే.

ఆపరేషన్ అయిన ఐదో రోజు పొట్ట ఉబ్బింది, పొట్టలోంచి నీళ్ళు బయటికి తీసే డ్రెయిన్ ట్యూబ్‌లో పసరు రంగు నీళ్ళు వచ్చాయి, స్కాన్ తీసి లీక్ ఉంది ఇక నోటితో చుక్క కూడా వద్దన్నారు. ఆ రాత్రే సెలైన్ పక్కన ఇంకో బాటిల్ తగిలించారు, అమైనో యాసిడ్ 5 శాతం, 500 ఎంఎల్. చూడ్డానికి మామూలు నీళ్ళే, సెలైన్‌కీ దానికీ లేబుల్ తప్ప తేడా తెలీదు. "ప్రోటీన్ బాటిల్ అమ్మా, బలానికి" అని సిస్టర్ వాచీ చూసుకుంటూ చుక్కలు లెక్కపెట్టి ట్యూబ్ మీద చుక్కల స్పీడ్ మార్చే చిన్న చక్రాన్ని నిమిషానికి 33 దగ్గర ఆపి వెళ్ళిపోయింది. పంప్ లేదు, ఉత్త ఐవీ సెట్టే. అప్పుడు టైం పదిన్నర.

నాన్నకి నిద్ర పట్టట్లేదు, కాన్యులా ఉన్న చెయ్యి కదపలేడు, "ఇదెప్పటికి అవుద్దే" అని అరగంటకోసారి అడుగుతున్నాడు. నేనేమో బాటిల్ వంక చూడ్డం, గీతలు లెక్కపెట్టడం. తొందరగా అయిపోతే పీకేస్తారు పాపం కాస్త పడుకుంటాడు, పైగా బలం మందు కదా గబగబా ఎక్కితే మంచిదేగా అనుకున్నా, నిజంగా అలాగే అనుకున్నా, చక్రం పైకి తోసేశా. చుక్కలు ధారలా పడ్డాయి. పన్నెండు కొట్టేసరికి అడుగున కాస్తే మిగిలింది, మనసులో భలే పని చేశాననుకున్నా కూడా.

అప్పుడు నాన్న మొహం ఎర్రగా కందిపోయింది. చెయ్యి మండుతోందన్నాడు, వికారం అన్నాడు, నేను బేసిన్ పట్టేలోపే కక్కేశాడు, పొట్ట మీద కుట్లున్న మనిషి కక్కుతుంటే ఎలా ఉంటుందో చెప్పలేను. వెంటనే వణుకు, రెండు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకమంటున్నాయి. సిస్టర్ పరిగెత్తుకొచ్చి ముందు క్లాంప్ వేసింది, తర్వాత బాటిల్ చూసింది, చార్ట్ చూసింది, గోడ గడియారం చూసింది, చివరికి నన్ను చూసింది. "చక్రం ముట్టుకున్నావామ్మా?" అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కారణం తెలీకపోతే వీళ్ళు ఇంకేదో అనుకుని ఇంకేదో మందు ఇస్తారేమో అని భయమేసి, ఔను సిస్టర్ అన్నా. ఆవిడ తిట్టలేదు. డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేసి "ఫాస్ట్‌గా వెళ్ళిపోయింది సర్" అంది, ఎవరు చేశారో చెప్పలేదు. బీపీ, పల్స్, టెంపరేచర్ పావుగంటకోసారి చూశారు. తెల్లారేసరికి వణుకు తగ్గింది, చేతి నరం మాత్రం మణికట్టు నించి మోచేతి దాకా ఎర్రటి తాడులా తేలింది.

పొద్దున డ్యూటీ దిగేముందు ఆ సీనియర్ సిస్టర్ నా స్టూల్ పక్కన నించుని లెక్క చెప్పింది, ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. అమైనో యాసిడ్ పెద్దవాళ్ళకి ఎక్కించే స్పీడ్‌కి మామూలుగా ఒక గీత ఉంటుంది, ఒంటి బరువు కిలోకి గంటకి 0.1 గ్రాము. నాన్న 52 కిలోలు, అంటే గంటకి 5 గ్రాములు. 5 శాతం బాటిల్ 500 ఎంఎల్‌లో ఉండేది 25 గ్రాములు, అంటే అయిదు గంటల పని. ఆవిడ సెట్‌లో 20 చుక్కలైతే 1 ఎంఎల్, అందుకే 33 చుక్కలు. నేను దాన్ని గంటన్నరలో తోసేశా, మూడు రెట్లు. అంత స్పీడ్‌గా వస్తే ఒళ్ళు దాన్ని వాడుకోలేదు, వికారం వాంతి వణుకు వస్తాయి, పైగా ఎక్కువైంది కిడ్నీలు మూత్రంలోకి పారబోస్తాయి. "నువ్వు బలం అనుకున్నది యూరిన్ బ్యాగ్‌లోకి పోయిందమ్మా" అంది. ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తే ఒళ్ళు ముడుచుకుంటుంది.

నా తప్పే, ఒప్పుకున్నా. కానీ ఒకటి అడగాలనుంది, పక్కన కూర్చునే మనుషులకి ఆ చక్రం ముట్టుకోవద్దని మొదటి రోజే ఎందుకు చెప్పరు? చెప్పులు బయట విడవండి అని బోర్డు ఉంది, దీనికి లేదు. తర్వాత చూస్తే వార్డులో సగంమంది అటెండెంట్లు రాత్రిళ్ళు ఆ చక్రంతో ఆడేవాళ్ళే.

రెండో రోజు డైటీషియన్ మేడమ్, సర్జన్ గారు కలిసి కూర్చుని అసలు ప్లాన్ వేశారు. అప్పుడు తెలిసింది, ఒట్టి అమైనో యాసిడ్ బాటిల్ ఒక్కటే పెడితే పెద్ద లాభం లేదట. ఒంటికి ముందు కావాల్సింది కాలరీలు, అవి వేరేగా అందకపోతే ఇచ్చిన అమైనో యాసిడ్‌నే కాల్చేసుకుంటుంది, మంచం కోళ్ళు విరిచి పొయ్యిలో పెట్టుకున్నట్టు. గాయం మానడానికి, కండకి మిగలదు. అందుకే గ్లూకోజ్, కొవ్వు, అమైనో యాసిడ్ మూడూ కలిపి, పైన విటమిన్లు, ఉప్పులు, జింక్ లాంటివి చేర్చి ఇస్తారు, దాన్నే టీపీఎన్ అంటారు. నాన్నకి రోజుకి ప్రోటీన్ 70 గ్రాముల దాకా లెక్కేశారు, కిలోకి 1.3 చొప్పున.

దీనికి చేతి నరం పనికిరాదు. ఎందుకంటే చిక్కదనం. ఆ చిక్కదనాన్ని కొలిచే అంకెని ఆస్మోలారిటీ అంటారు, మన రక్తానిది 300కి కాస్త తక్కువ ఉంటుంది, చేతి నరం మహా అయితే 900 దాకా ఓర్చుకుంటుందని లెక్క, 10 శాతం అమైనో యాసిడ్ ఒక్కటే సుమారు 1000, దానికి గాఢమైన గ్లూకోజ్ కలిస్తే ఇంకా పైకి. అందుకని భుజం కింద నరంలోంచి గుండెకి దగ్గరగా పెద్ద నరం దాకా పిక్ లైన్ అనే సన్నటి పొడుగాటి ట్యూబ్ వేశారు, అక్కడ రక్తం ప్రవాహం జోరుగా ఉండి వచ్చింది వచ్చినట్టే పలచబడిపోతుంది. ఎక్స్‌రే తీసి కొస సరిగ్గా ఎక్కడుందో చూసేదాకా చుక్క కూడా ఎక్కించలేదు. "41 సెంటీమీటర్లు" అని కేస్ షీట్‌లో రాసుకున్నారు, అదెందుకో అప్పుడర్థం కాలేదు.

మొదలుపెట్టే ముందు బోలెడు ప్రశ్నలు. కిడ్నీ జబ్బు ఉందా, లివర్ జబ్బు ఉందా, ఆస్తమా ఉందా, గుడ్డు సోయా పడవా, చిన్నప్పటి నించీ ప్రోటీన్ పడని పుట్టుక జబ్బులు ఇంట్లో ఎవరికన్నా ఉన్నాయా. తిండికీ ఆస్తమాకీ ఏం సంబంధం అని అడిగా. కొన్ని అమైనో యాసిడ్ సొల్యూషన్లలో చెడిపోకుండా సల్ఫైట్ వేస్తారు, అది కొందరికి, ముఖ్యంగా ఆస్తమా ఉన్నవాళ్ళకి అలర్జీ తెస్తుంది. గుడ్డు, సోయా ఏమో కొవ్వు ఎమల్షన్ కోసం, అంటే నీళ్ళలో కొవ్వు కలిపిన పాలలాంటి ద్రవం, అందులో ఉండేవి అవే. లివర్ బాగా పాడైన మనిషికి ఇది ఎడాపెడా ఎక్కిస్తే అమ్మోనియా పెరిగి మత్తులోకి పోవచ్చు, కిడ్నీ పాడై డయాలసిస్ లేనివాళ్ళకి యూరియా పేరుకుంటుంది. బలం బాటిల్ అని ఊరికే పెట్టించుకునేవాళ్ళు ఈ ప్రశ్నలన్నీ ఎవరు అడిగితే పెట్టించుకుంటున్నారో మరి.

ఇంకోటి, నాన్న ఆపరేషన్‌కి ముందు కూడా దగ్గరదగ్గర రెండు వారాలు సరిగ్గా తినలేదు. అందుకని మొదటి రోజు పూర్తి డోస్ ఇవ్వలేదు, కిలోకి 10 కాలరీలే, అంటే 520. నాకు ఒళ్ళు మండింది, ఎండిపోయిన మనిషికి ఇంత పిసినారితనమా అని. డైటీషియన్ మేడమ్ ఓపిగ్గా చెప్పారు, దీన్ని రీఫీడింగ్ అంటారట. చాన్నాళ్ళు పస్తున్న ఒంట్లోకి ఒక్కసారిగా గ్లూకోజ్ వస్తే ఇన్సులిన్ లేస్తుంది, కణాలు ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం ఒక్కపెట్టున లోపలికి లాగేసుకుంటాయి, రక్తంలో పడిపోతాయి, గుండె లయ తప్పొచ్చు, ఊపిరి కండరాలు నీరసపడొచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో ఖైదీ శిబిరాల నించి బయటపడ్డవాళ్ళలో కొందరు ఆకలితో కాదు, బయటికొచ్చి తిన్నాక పోయారట. ముందు థయామిన్, అంటే బీ1 విటమిన్, ఇంజెక్షన్ ఇచ్చి ఆ తర్వాతే బ్యాగ్ మొదలెట్టారు. అంత జాగ్రత్తగా ఇచ్చినా మూడో రోజు నాన్న ఫాస్ఫేట్ 2.6 నించి 1.7కి పడింది, కాలరీలు పెంచడం ఆపేసి ఫాస్ఫేట్ వేరే లూమెన్‌లో, అంటే అదే పిక్ లైన్‌లో విడిగా ఉండే రెండో దారిలో, ఎక్కించి మర్నాడు మళ్ళీ చూశారు. నా చేతిలో ఉంటే ఫుల్ డోస్ పెట్టించేదాన్ని. మళ్ళీ అదే చక్రం బుద్ధి.

ఇక బ్యాగ్ సంగతి. ఇది నాకు బాగా ఇష్టమైన భాగం, నవ్వుకోండి. మూడు గదుల బ్యాగ్, ఒకదాంట్లో గ్లూకోజ్, ఒకదాంట్లో అమైనో యాసిడ్, రెండూ నీళ్ళలాగే ఉంటాయి, మూడోది తెల్లగా పాలలా కొవ్వు. మధ్యలో అతుకులు. పై కవర్ వాడే ముందే చింపాలి, లోపల ఆక్సిజన్ పీల్చే చిన్న పొట్లం ఉంటుంది, అమైనో యాసిడ్‌కి గాలి తగిలినా వెలుతురు తగిలినా పాడవుతుంది. నేనొకసారి కవర్ లేని అమైనో యాసిడ్ బాటిల్‌ని కిటికీ గట్టు మీద పెడితే సిస్టర్ తీసి పారేసింది, ఎండలో పెట్టావెందుకని. సిస్టర్ చేతులు కడుక్కుని గ్లవ్స్ వేసుకుని బ్యాగ్‌ని బల్ల మీద పరిచి పై నించి గట్టిగా చుట్టుకుంటూ వస్తే అతుకులు పట్ పట్ మని విడిపోతాయి, తర్వాత మూడు నాలుగు సార్లు తలకిందులు చేస్తుంది. ఒక రాత్రి కొత్తగా చేరిన అమ్మాయి చుట్టి తగిలించబోతే సీనియర్ సిస్టర్ బ్యాగ్‌ని లైటుకెదురుగా పట్టి "ఇది చూడు" అంది, ఒక అతుకు చివర వేలెడంత మాత్రమే విడింది, మిగతాది మూసే ఉంది. అలాగే తగిలిస్తే పేషెంట్‌కి కొన్ని గంటలు ఒక గది సరుకే పోతుంది, ఒట్టి గాఢమైన గ్లూకోజే పోతే సుగర్ ఎక్కడికి పోతుందో ఊహించుకోండి. కలిపాక కూడా చూడాలి, మొత్తం ఒకేలా పాలలా ఉండాలి, పైన పసుపు నూనె తెట్టు తేలితే ఎమల్షన్ విరిగినట్టు, ఎంత కొత్త బ్యాగ్ అయినా పారెయ్యాల్సిందే.

పాలలా తెల్లగా ఉండేసరికి లోపల ఇంకేం ఉన్నా కంటికి కనపడదు. కాల్షియం, ఫాస్ఫేట్ లెక్క తప్పి కలిస్తే సున్నంలా గట్టిపడి సన్నటి పలుకులు అవుతాయి, అవి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటాయి. 1994లో అమెరికాలో ఇలాగే ఇద్దరు చనిపోతే అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది. అందుకే లైన్‌లో బిళ్ళలా ఉండే 1.2 మైక్రాన్ ఫిల్టర్ పెడతారు. ఒక మధ్యాహ్నం పంప్ అక్లూజన్, అంటే దారి మూసుకుపోయింది, అని ఒకటే మోత, పక్క మంచం అటెండెంట్ ఒకాయన "ఆ బిళ్ళ తీసేస్తే పోద్దమ్మా, మా వాడికి అలాగే చేశారు" అన్నాడు. సిస్టర్ ఆ బిళ్ళ తియ్యలేదు. పంప్ ఆపి, లైన్ ఎక్కడన్నా మడత పడిందా చూసి, ఫార్మసీకి ఫోన్ చేసి బ్యాగూ సెట్టూ ఫిల్టరూ మొత్తం మార్చేసింది. ఫిల్టర్ మూసుకుపోయిందంటే అది దేన్నో పట్టుకుందనేగా, దాన్ని తీసేసి ఆ పట్టుకున్నదాన్ని లోపలికి పంపిస్తామా.

అదే లెక్కన ఆ లూమెన్‌లోకి వేరే ఏ మందూ పోనివ్వరు. నాన్న యాంటీబయాటిక్ రెండో లూమెన్‌లోనే. కొత్త అమ్మాయి ఒకసారి సిరంజి పట్టుకుని టీపీఎన్ పోర్ట్ దగ్గరికి చెయ్యి పెట్టింది, నేనే "అక్కా అది కాదేమో" అన్నా, పాపం ఆ పిల్ల మొహం తెల్లబోయింది, థాంక్స్ చెప్పింది. నాకూ లోపల గర్వంగానే ఉందనుకోండి.

హబ్, అంటే లైన్ బయటి మూతి, ముట్టుకునే ప్రతిసారీ స్పిరిట్ స్వాబ్‌తో 15 సెకన్లు రుద్దాలి, తర్వాత ఆరనివ్వాలి. ఊరికే తుడిచి వదిలేస్తే లెక్కలోకి రాదు. తిండి అంటే మనకే కాదు క్రిములకీ తిండే, అది నేరుగా గుండె దగ్గరికి పోతోంది. బ్యాగ్ 24 గంటలకి మించి వేలాడకూడదు, మిగిలినా సరే, సెట్ కూడా దాంతోపాటే మార్చాలి. పన్నెండో రోజు నాన్నకి చలితో జ్వరం వస్తే పిక్ లైన్ నించి ఒకటి, రెండో చేతి నించి ఒకటి రక్తం తీసి క్రిములున్నాయేమో చూసే కల్చర్ టెస్ట్‌కి పంపారు, రిపోర్ట్ వచ్చేదాకా ఎవరికీ నోట మాట లేదు. లైన్‌లో ఏం లేదు, పొట్టలో చిన్న చీము గడ్డ ఉంటే ట్యూబ్ పెట్టి తీశారు.

ఆ గడ్డ చూడ్డానికి స్కాన్‌కి తీసుకెళ్ళినప్పుడు ఇంకో తప్పు జరిగింది, ఈసారి నాది కాదు. తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు పంప్ మొయ్యలేక బ్యాగ్ విప్పేశారు. కింద గంట పైనే క్యూ. నాన్నకి చెమటలు, "కళ్ళు తిరుగుతున్నాయే" అన్నాడు, గ్లూకోమీటర్‌లో 58. రోజంతా గాఢమైన గ్లూకోజ్ పోతుంటే ఒళ్ళు దానికి తగ్గ ఇన్సులిన్ విడుదల చేస్తూ ఉంటుంది, అది టక్కున ఆగిపోతే ఇన్సులిన్ మాత్రం ఆగదు కదా. వెంటనే గ్లూకోజ్ ఇచ్చారు, తర్వాత 10 శాతం డెక్స్‌ట్రోజ్ పెట్టారు, అది మొదటే పెట్టి కిందికి పంపాల్సింది. పైకొచ్చాక విప్పిన బ్యాగ్ మళ్ళీ తగిలించకుండా సగం పైగా ఉన్నదాన్ని చెత్తబుట్టలో వేస్తుంటే మనసు ఉసూరుమంది, కానీ విప్పి గాల్లో ఉన్న లైన్ మళ్ళీ కలపకూడదు.

రోజుకి నాలుగుసార్లు సుగర్, 180 దాటితే ఇన్సులిన్. వారానికి రెండుసార్లు లివర్ టెస్టులు, కొవ్వు ఎంత మిగులుతోందో ట్రైగ్లిజరైడ్స్. మధ్యలో యూరియా 38 నించి 64కి ఎక్కితే అమైనో యాసిడ్ ఎక్కువైందా ఒంట్లో నీరు తక్కువైందా అని రెండూ చూసి, నీరు పెంచి, ప్రోటీన్ కాస్త తగ్గించారు. నా నోట్‌బుక్‌లో ఈ అంకెలన్నీ డేట్ వారీగా ఉన్నాయి, అలవాటు పోదు కదా, బ్యాలెన్స్ షీట్ లాగే.

రాత్రిళ్ళు ఫోన్‌లో దీని చరిత్ర చదివేదాన్ని. 1960లలో ఫిలడెల్ఫియాలో స్టాన్లీ డడ్రిక్ అనే సర్జన్ బీగిల్ కుక్కపిల్లల్ని ఒట్టి నరం ద్వారా ఇచ్చిన తిండితోనే పెంచి చూపించాడట, నోటితో తిన్న పిల్లలకి దీటుగా పెరిగాయట, తర్వాత పేగు లేకుండా పుట్టినంత పనైన ఒక పసిబిడ్డకి ఇచ్చారు. నాన్నకి చెప్తే "అయితే నేను కుక్కపిల్లనన్నమాట" అన్నాడు, పది రోజుల్లో మొదటిసారి జోక్ వేశాడు.

పక్క గదిలో ఒకాయన వాళ్ళమ్మకి కూడా ఆ తెల్ల బ్యాగ్ పెట్టమని డాక్టర్‌తో గొడవపడ్డాడు, ఆవిడ శుభ్రంగా నోటితో తింటోంది, కాస్త నీరసం అంతే. సర్జన్ గారు ఒకటే మాటన్నారు, పేగు పనిచేస్తుంటే పేగునే వాడాలి, వాడకపోతే దాని లోపలి పొర పలచబడిపోతుంది, నరం దారి వేరే దారి లేనప్పుడే. ఆయన వినలేదు, బయటెక్కడో పెట్టిస్తానని వెళ్ళిపోయాడు.

పదిహేనో రోజు నించి నాన్నకి స్పూన్‌తో నీళ్ళు, తర్వాత పలచటి ద్రవాలు, ఇటు అవి పెరిగేకొద్దీ అటు బ్యాగ్ తగ్గించారు. చివరి రోజు కూడా పంప్ టక్కున ఆపలేదు, ఆఖరి రెండు గంటలు స్పీడ్ సగానికి దించి తర్వాత ఆపారు, అరగంటకి సుగర్ చూస్తే 104.

మర్నాడు పిక్ లైన్ తీశారు. నాన్నని వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి బిగపట్టమని, సీనియర్ సిస్టర్ మెల్లగా లాగుతూ పోతే అది వస్తూనే ఉంది. అయిపోయాక గాజుగుడ్డ ఒత్తి పెట్టి, ఆ ట్యూబ్‌ని ట్రే మీద సాపుగా పరిచి టేపుతో కొలిచింది. లోపల ఏ ముక్కా ఉండిపోలేదని చూసుకోవాలట. 41. కేస్ షీట్ నన్నే చదవమంది, నేను 41 అని పైకి చదివా, ఆవిడ టిక్ పెట్టింది.

నాన్న తల తిప్పి ట్రే వైపు చూశాడు. "అంత పొడుగుందిటే!" అన్నాడు.